పింగాణీ స్లిప్ చిక్కబడిందని నీళ్లు పోయకండి

ప్రశ్న: డబ్బా మీద "పోర్సిలిన్ లాంటిది" అని రాసి ఉన్న తెల్లటి కాస్టింగ్ స్లిప్‌తో (అచ్చులో పోసే పారే మట్టి) ప్లాస్టర్ అచ్చుల్లో చిన్న గిన్నెలు పోస్తున్నాను. 1000 డిగ్రీలకు కాలిస్తే నీళ్లు ఊరుతున్నాయి. 1220కి కాలిస్తే మూతులు వంకరపోతున్నాయి. కొన్నయితే అచ్చులో ఉండగానే పగిలిపోతున్నాయి. స్లిప్ చిక్కబడినప్పుడల్లా కాసిని నీళ్లు కలుపుతున్నాను. తప్పు ఎక్కడుంది, కిల్న్‌లోనా (మట్టిని కాల్చే బట్టీ), స్లిప్‌లోనా?

సమాధానం:

రెండు చోట్లా ఉంది. కానీ ఎక్కువ పాలు బకెట్‌లోనే ఉంది. కిల్న్‌లో బయటపడే లోపాల్లో చాలావరకు స్లిప్ కలిపేటప్పుడో, అచ్చు నుంచి తీసేటప్పుడో పుట్టినవే. కిల్న్ వాటిని దాచకుండా చూపిస్తుంది, అంతే.

ముందు మీ చేతిలో ఉన్నది ఏ మట్టో తేల్చుకోవాలి. "పోర్సిలిన్ లాంటిది" అనే మాటకు సాంకేతికంగా ఏ అర్థమూ లేదు. తెల్లగా, నున్నగా ఉండే స్లిప్ దేన్నైనా అలా అమ్మేస్తారు. ఇళ్లలో వాడే తెల్ల స్లిప్‌లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది తక్కువ వేడికి కాలేది. సుమారు సగం బాల్ క్లే (మెత్తటి జిగట మట్టి), సగం టాల్క్ (సబ్బురాయి పొడి) ఉంటుంది. కోన్ అంటే కావలసినంత వేడి పడగానే వంగే చిన్న మట్టి శంకువు, దాని నంబరే కాల్చే స్థాయి; ముందు సున్నా ఉన్నవి తక్కువ వేడివి. ఈ మట్టిని కోన్ 06 నుంచి 04 దాకా, అంటే దాదాపు 1000 నుంచి 1060 డిగ్రీల సెల్సియస్ మధ్య కాలుస్తారు. రెండోది కోన్ 6 పోర్సిలిన్, 1220 డిగ్రీల చుట్టుపక్కల. మూడోది కోన్ 10 పోర్సిలిన్, 1285 నుంచి 1300 దాకా వెళ్లాలి. పచ్చిగా ఉన్నప్పుడు మూడూ ఒకేలా కనిపిస్తాయి, ఒకేలా పోసుకుంటాయి. కాల్చాక గానీ బండారం బయటపడదు.

డబ్బా మీద కోన్ నంబరు ఉంటే దాన్నే నమ్మండి. లేకపోతే ఇలా పరీక్షించండి. స్లిప్‌తో 12 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందంతో నాలుగు పట్టీలు పోయండి. పచ్చిగా ఉన్నప్పుడే ఒక్కోదాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయండి. ఒకటి కోన్ 04కి, ఒకటి కోన్ 1కి, ఒకటి కోన్ 6కి కాల్చండి, నాలుగోది దాచుకోండి. కాల్చేటప్పుడు పట్టీని రెండు చిన్న దిమ్మెల మీద వంతెనలా పెట్టండి. కింద ఎక్కువ వేడికి తట్టుకునే మట్టితో చేసిన పళ్లెం తప్పనిసరి, ఎందుకంటే టాల్క్ మట్టి అయితే కోన్ 6 చేరేలోపు ఉబ్బి, కుంగి, కరిగి కిల్న్ షెల్ఫ్‌ను పాడుచేయగలదు. కాల్చాక మూడు సంగతులు చూడాలి: గీత ఎంత కుదించుకుపోయింది, వంతెన ఎంత కుంగింది, పట్టీ ఎంత నీరు పీలుస్తోంది.

మీ గిన్నెల విషయంలో అసలు ప్రశ్న ఒకటే. 1220 దగ్గర అవి ఎలా వంకరపోయాయి? గుండ్రంగా ఉండాల్సిన మూతి కోలగా మారి, మట్టి మాత్రం గాజులా బిగిసి, వేలితో కొడితే ఖంగుమంటే మీది నిజమైన కోన్ 6 పోర్సిలినే. అలా కాకుండా గోడ మీద బొబ్బలు లేచి, అడుగు చతికిలబడి ఉంటే అది తక్కువ వేడి మట్టి. దాన్ని 1220కి తీసుకెళ్లడమే తప్పు. రెండు సందర్భాల మందులూ వేరు. కింద రాసినదంతా ఎక్కువగా మొదటి సందర్భానికి. రెండో దానికి ప్రత్యేకంగా చెప్పాల్సింది చివర్లో ఉంది.

నీరు పీల్చే పరీక్ష తేలిక. గ్లేజు (గాజులాంటి పైపూత) వేయని కాలిన ముక్కను ఆరబెట్టి గ్రాము తప్పకుండా తూచండి. 5 గంటలు నీళ్లలో మరిగించి, అదే నీళ్లలో 24 గంటలు వదిలేసి, పైతడి గుడ్డతో తుడిచి మళ్లీ తూచండి. 200 గ్రాముల ముక్క 201 అయితే 0.5 శాతం. పోర్సిలిన్ అంటే అది లేదా అంతకంటే తక్కువ. అదే ముక్క 224కి చేరితే 12 శాతం. అది తక్కువ వేడి మట్టి అయినా కావాలి, పోర్సిలిన్‌ని సగంలో ఆపేసి అయినా ఉండాలి. మీ 1000 డిగ్రీల గిన్నె ఊరడం వింతేమీ కాదు. ఆ వేడికి పోర్సిలిన్ ఉత్త బిస్క్, అంటే గ్లేజుకు ముందు మొదటిసారి కాల్చిన ముక్క. దాని పని గ్లేజును పీల్చుకోవడమే.

ఇంటి వంట ఓవెన్‌లో ఇదంతా కుదురుతుందా అని కొందరు అడుగుతుంటారు. కుదరదు. ఓవెన్ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. మట్టిలోని రసాయన నీరు వదలడం మొదలయ్యేదే 450 డిగ్రీల దగ్గర. "కోల్డ్ పోర్సిలిన్" అనేది జిగురు, పిండి కలిపిన ముద్ద. దానికీ ఈ మట్టికీ పేరులో తప్ప చుట్టరికం లేదు.

బకెట్ సంగతి

స్లిప్‌కి రెండు వేర్వేరు గుణాలు ఉన్నాయి. ఒకటి ఎంత నీరుందో చెప్పే సాంద్రత. రెండోది ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే ప్రవాహం. చిక్కగా కనిపించే స్లిప్‌లో నీరు తక్కువ ఉందని అనుకోవడమే ఈ పనిలో అందరూ చేసే మొదటి పొరపాటు. నీరు చాలినంత ఉన్నా, మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని స్లిప్ బిగుసుకుపోవచ్చు. వాటిని విడగొట్టే పని డీఫ్లాక్యులెంట్ అనే మందుది, నీటిది కాదు.

లెక్క చూడండి. 10 కిలోల పొడి మట్టికి 4 లీటర్ల నీరు కలిపితే సుమారు 7.85 లీటర్ల స్లిప్ వస్తుంది. బరువు 14 కిలోలు, కాబట్టి సాంద్రత 1.78. పోర్సిలిన్ కాస్టింగ్‌కి 1.75 నుంచి 1.80 మధ్య ఉండాలి. చిక్కగా ఉందని ఒక్క లీటరు నీళ్లు పోశారనుకోండి, 15 కిలోలు 8.85 లీటర్లలోకి వచ్చి సాంద్రత 1.69కి పడిపోతుంది. ఒక్క లీటరుతోనే. ఇప్పుడు ఆ అదనపు నీరంతా అచ్చే పీల్చాలి. అచ్చు త్వరగా తడిసిపోతుంది, గోడ కట్టడానికి ఎక్కువ సేపు పడుతుంది, కట్టిన గోడ మెత్తగా ఉంటుంది, ఆరేటప్పుడు ఎక్కువ కుదించుకుంటుంది. అచ్చులోనే పగలడానికి ఇంతకంటే మంచి దారి లేదు. వెనక్కి రావాలంటే లీటరు నీటికి 2.5 కిలోల చొప్పున అదే మట్టి పొడి కలపాలి.

సాంద్రత కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల సిరంజి లేదా కొలపాత్రని ఖాళీగా తూచి, గాలి బుడగలు లేకుండా స్లిప్‌తో సరిగ్గా 100 వరకు నింపి మళ్లీ తూచండి. తేడా 178 గ్రాములైతే సాంద్రత 1.78.

ప్రవాహం కొలవడానికి ఒక ప్లాస్టిక్ కప్పు అడుగున 5 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. కప్పు లోపల ఒక గీత గీసుకుని, రంధ్రాన్ని వేలితో మూసి, ఆ గీత దాకా స్లిప్ పోసి, వేలు తీసి ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో చూడండి. బాగా కలిపిన వెంటనే ఒకసారి, 10 నిమిషాలు కదపకుండా ఉంచి ఇంకోసారి. బాగా పోతపడిన రోజు వచ్చిన సెకన్లే మీ ప్రమాణం, గోడ మీద రాసుకోండి. రెండు కొలతలకూ కొంత తేడా ఉండాలి. అసలు తేడానే లేకపోతే డీఫ్లాక్యులెంట్ ఎక్కువైంది. 10 నిమిషాల తర్వాత తోడుకున్నట్టు బిగుసుకుని రంధ్రంలోంచి దిగకపోతే తక్కువైంది.

పొడి మట్టి నుంచి కలిపేటప్పుడు వరుస ముఖ్యం. ముందు నీరు, అందులో డీఫ్లాక్యులెంట్, తర్వాత మట్టి. డార్వాన్ 7 అనే డీఫ్లాక్యులెంట్ అయితే పొడి మట్టి బరువులో 0.3 నుంచి 0.4 శాతం, అంటే 10 కిలోలకు 30 నుంచి 40 గ్రాములు. మొదట 25 గ్రాములే వేసి, మిగతాది మట్టి మొత్తం కలిశాక గ్రాము గ్రాముగా వేయండి. ఒక్కో మోతాదు తర్వాత 5 నిమిషాలు తిప్పి ప్రవాహం చూడండి. ఒక హద్దు దాటాక ఇంకా వేస్తే స్లిప్ పలచబడదు, మళ్లీ చిక్కబడుతుంది. అప్పుడు చాలామంది "ఇంకా చాలలేదు" అనుకుని మరికొంత వేస్తారు. అక్కడితో ఆ బకెట్ కథ ముగిసినట్టే, తిరిగి కొత్త మట్టి, నీరు పోసి మోతాదును పలచన చేయడం తప్ప దారి ఉండదు.

సోడియం సిలికేట్, సోడా యాష్ కూడా పనిచేస్తాయి, చవకే. కానీ సోడియం సిలికేట్ ప్లాస్టర్‌లోని కాల్షియం సల్ఫేట్‌తో కలిసి అచ్చు రంధ్రాలను కాలక్రమంలో మూసేస్తుంది. అచ్చు మీద తెల్లటి దూది లాంటి లవణం పూయడం దాని గుర్తే. నాలుగైదు అచ్చులతో పనిచేసే ఇంటివాళ్లకు డార్వానే మేలు.

కలిపిన స్లిప్‌ని ఒక రాత్రి వదిలేసి, 80 మెష్ (అంగుళానికి 80 రంధ్రాల) జల్లెడలో వడకట్టి, గాలి చొరబడకుండా నెమ్మదిగా తిప్పి వాడండి. మిక్సర్ చక్రం స్లిప్ పైకి తేలి సుడి తిరిగితే బుడగలు లోపలికి పోతాయి, కాల్చాక అవే సూదిమొన రంధ్రాలవుతాయి. నీటిలో కాల్షియం, సల్ఫేట్ లవణాలు ఎక్కువుంటే స్లిప్ ఊరికే బిగుసుకుంటుంది. అలాంటప్పుడు శుద్ధి చేసిన నీరు వాడండి.

అచ్చులోంచి కోసిన ముక్కల్ని తిరిగి బకెట్‌లో వేసుకోవచ్చు, కానీ మొత్తంలో నాలుగో వంతు మించకూడదు. ఆ ముక్కలు అచ్చు నుంచి సల్ఫేట్‌ని వెంట తెస్తాయి, డీఫ్లాక్యులెంట్‌ని పోగొట్టుకుని వస్తాయి. ప్లాస్టర్ రవ్వ అంటుకున్న ముక్క అయితే అసలొద్దు. కాలిన తర్వాత కూడా ఆ రవ్వ గాలిలోని తేమ పీల్చి ఉబ్బి, గిన్నె గోడలోంచి పెచ్చు ఊడదీస్తుంది.

అచ్చులో

అచ్చులకు ప్లాస్టర్ 100 వంతులకు నీరు 70 వంతులు, బరువు లెక్కన. పూర్తిగా ఆరిన అచ్చు బరువు దాని వీపు మీదే పెన్సిల్‌తో రాసి పెట్టండి. పోసే ముందు తూస్తే అది ఎంత తడిగా ఉందో ఊహ అవసరం ఉండదు. ఆరబెట్టడానికి ఫ్యాన్ గాలి చాలు. వేడి పెడితే 45 డిగ్రీలు దాటనివ్వకండి, దాటితే ప్లాస్టర్ లోపలి నీరు పోయి అంచులు పొడిగా రాలతాయి. అచ్చు మరీ ఎండిపోయి ఉన్నా ఇబ్బందే: మొదటి క్షణంలో నీటిని జుర్రేసి గోడ మీద మచ్చలు తెస్తుంది. తడి స్పాంజితో ఒకసారి లోపల తుడిచి, కాసేపాగి పోయండి. కొత్త అచ్చులో మొదటి పోత పారేయడానికే.

స్లిప్‌ని అచ్చు మధ్యలోకి, ఆగకుండా, ఒకే ధారగా పోయాలి. ధార ఆగి మళ్లీ మొదలైన చోట గోడ మీద అడ్డగీత పడుతుంది, అది గ్లేజు కింద కూడా కనిపిస్తుంది. ధార ఒకే చోట బలంగా తగిలితే అక్కడ రేణువులు ఒక వైపు పడుకుని, కాలాక మెరిసే మచ్చ మిగులుతుంది. నిండాక మట్టం దిగుతూ ఉంటుంది, పైన పోస్తూ ఉండాలి.

ఎంత సేపు? అది స్లిప్‌ని బట్టి, అచ్చు తడిని బట్టి. కానీ ఒక సూత్రం ఉంది: గోడ మందం సమయం వర్గమూలంతో పెరుగుతుంది. మీ అచ్చు 10 నిమిషాల్లో 3 మిల్లీమీటర్లు కడితే, 1.5 మిల్లీమీటర్లకు 2.5 నిమిషాలు చాలు, 6 మిల్లీమీటర్లకు మాత్రం 40 నిమిషాలు కావాలి. రెట్టింపు మందానికి రెట్టింపు సమయం ఇస్తే చాలదన్నమాట. ఇంకో చిక్కు కూడా ఉంది. అదే అచ్చులో రెండో పోత కొంచెం నెమ్మదిగా, మూడోది ఇంకా నెమ్మదిగా కడుతుంది. గడియారం ఒక్కటే చూస్తే మూడో గిన్నె పలచగా వస్తుంది. పై అంచును చాకు మొనతో చిన్నగా కోసి మందం చూడటమే నిజమైన కొలత. చిన్న గిన్నెలకు 3 మిల్లీమీటర్లు సరిపోతుంది. కాంతి ప్రసరించాలంటే 2 దాకా దిగొచ్చు, కానీ అప్పుడు వంకరపోయే ప్రమాదం కూడా వెంటే వస్తుంది.

స్లిప్ ఒంపేటప్పుడు గభాలున తలకిందులు చేయకండి. గుడగుడమని గాలి లోపలికి లాగిన ప్రతిసారీ మెత్తని గోడ ఊడి రావచ్చు. మెల్లగా వంచి ఒంపి, తర్వాత 45 డిగ్రీల వాలులో బోర్లించి ఉంచండి. నిటారుగా బోర్లిస్తే అడుగున చుక్క వేలాడి గట్టిపడి, గిన్నె లోపల మొటిమలా మిగిలిపోతుంది. లోపలి మెరుపు చచ్చేదాకా అలాగే వదలండి.

తీసే సమయం తెలుసుకోవడానికి గిన్నె అంచు దగ్గర చూడండి. అచ్చుకీ మట్టికీ మధ్య సన్నని వెంట్రుక గీత తెరుచుకుంటుంది. చిన్న గిన్నెలకు అది 30 నుంచి 60 నిమిషాల్లో వస్తుంది. మీవి అచ్చులోనే పగులుతున్నాయన్నారు కదా, దాదాపు ప్రతిసారీ కారణం మూడింట్లో ఒకటి: ఆ గీత వచ్చాక కూడా గంటల తరబడి అచ్చులో వదిలేయడం, పైనున్న అదనపు భాగాన్ని కోయకపోవడం వల్ల అది అచ్చు భుజానికి పట్టుకుని గిన్నెను కుదించుకోనివ్వకపోవడం, లేదా డీఫ్లాక్యులెంట్ ఎక్కువై గోడ పెళుసుగా కట్టడం. పై భాగాన్ని మట్టి కాస్త గట్టిపడగానే కోసేయండి, చాలా పగుళ్లు ఆ ఒక్క పనితో ఆగుతాయి.

అంటుకుని రాకపోతే అచ్చు తడిసిపోయి ఉంటుంది, లేదా డీఫ్లాక్యులెంట్ మితిమీరింది. గోడ మెత్తగా, జావలా, ఒంపినా సరిగా జారకుండా ఉంటే అది తక్కువైంది. ఈ రెండు జతల్ని గుర్తుపెట్టుకుంటే మందు వెతుక్కోవడం తేలిక.

ఇప్పుడు అసలు విషయం: మూతి వంకర. పోర్సిలిన్ రేణువులు పలకల్లా ఉంటాయి, ఏ దిశలో సర్దుకున్నాయో మర్చిపోవు. అచ్చులోంచి తీసేటప్పుడు గిన్నెను రెండు వేళ్లతో నొక్కి పట్టుకుంటే మూతి కొంచెం కోలగా అవుతుంది. మీరు దాన్ని మళ్లీ గుండ్రంగా సరిచేస్తారు. కిల్న్‌లో 1200 దాటాక అది ఆ పాత కోల ఆకారానికే తిరిగిపోతుంది. కాబట్టి చేత్తో లాగకండి. అచ్చు మీద నున్నటి పలకను పెట్టి, అచ్చును దానితో సహా తిప్పి, గిన్నె తనంతట తాను పలక మీదికి జారేలా చేయండి. అచ్చు అతుకు గీత కూడా ఇలాగే తిరిగొస్తుంది. పచ్చిమీద ఎంత నున్నగా గీకినా కాలాక సన్నని గట్టులా లేస్తుంది. దాన్ని బిస్క్ తర్వాత తడి వజ్రపు ప్యాడ్‌తో రుద్దడమే మంచిది.

పిడులు, చెవులు అతికించాల్సి వస్తే రెండు ముక్కలూ ఒకే తడిలో ఉండాలి, గోరు నొక్కితే గుర్తు పడేంత, వంచితే వంగనంత గట్టిగా. అతుకు స్లిప్‌లో రెండు మూడు చుక్కల వెనిగర్ వేస్తే అది ముద్దలా బిగిసి కారకుండా పట్టుకుంటుంది.

కిల్న్‌లో

బిస్క్‌కి ముందు గిన్నెలు ఎండిపోయాయని చెంపకు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తడుంది. 85 డిగ్రీల దగ్గర రెండు గంటలు నిలిపి, గంటకు 100 డిగ్రీల చొప్పున 600 దాకా, అక్కడి నుంచి గంటకు 150 చొప్పున 1000 దాకా, 10 నిమిషాలు నిలపడం. 450 నుంచి 600 మధ్య రసాయన నీరు బయటికి వస్తుంది, 573 దగ్గర క్వార్ట్జ్ రూపం మార్చుకుని ఒక్కసారిగా ఉబ్బుతుంది. ఆ ప్రాంతంలో తొందర పనికిరాదు. బిస్క్‌లో ఒకే కొలత గిన్నెలను మూతికి మూతి ఆనించి జంటగా పేర్చితే అంచులు ఒకదాన్నొకటి గుండ్రంగా పట్టి ఉంచుతాయి.

పలచని గోడలకు గ్లేజు వేయడం ఓపిక పని. 3 మిల్లీమీటర్ల బిస్క్ గోడ నీటితో ఇట్టే నిండిపోతుంది. లోపల గ్లేజు పోసి ఒంపిన వెంటనే బయట ముంచితే బయటి పొర పట్టదు, పట్టినా ఆరేటప్పుడు పెచ్చులూడుతుంది. ముందు లోపల, కొన్ని గంటలు ఆరబెట్టి తర్వాత బయట. గిన్నెను 60 డిగ్రీలకు కాస్త వెచ్చబెట్టి ముంచితే పొర సమంగా వస్తుంది.

గ్లేజు కాల్చడం కోన్ 6కి ఇలా: గంటకు 150 చొప్పున 1100 దాకా, ఆ తర్వాత గంటకు 60 చొప్పున 1220 దాకా, 10 నిమిషాలు నిలిపి, కిల్న్‌ని దాని పాటికి చల్లారనివ్వాలి. 100 డిగ్రీల కిందికి దిగేదాకా మూత తెరవొద్దు. చివరి 100 డిగ్రీల వేగం ఎందుకింత ముఖ్యమంటే, మట్టి పండేది వేడి అంకెతో కాదు, వేడీ సమయమూ కలిసి చేసే పనితో. గంటకు 60 వేగంతో కోన్ 6 సుమారు 1222 దగ్గర వంగుతుంది, గంటకు 150 వేగంతో అదే కోన్ దాదాపు 1243 దాకా నిలబడుతుంది. 1886లో హెర్మన్ సీగర్ ఈ కోన్లను తయారుచేసింది సరిగ్గా ఈ చిక్కు కోసమే. మీ కంట్రోలర్ తెర మీద 1220 అని చూపించినా షెల్ఫ్ మీద పరిస్థితి వేరుగా ఉండొచ్చు. పైషెల్ఫ్, కిందషెల్ఫ్‌ల మీద కోన్ 5, 6, 7 మూడూ పక్కపక్కన నిలబెట్టండి. 5 పడుకుని, 6 తలవంచి మొన షెల్ఫ్‌కి తగిలి, 7 నిటారుగా ఉంటే మీరు కోన్ 6 చేరినట్టు. 7 కూడా వంగి ఉంటే మీ వంకర మూతులకు కారణం అదే కావచ్చు.

ఆ వేడిలో పోర్సిలిన్ కొంత భాగం కరిగిన గాజే. తన బరువుకే కుంగుతుంది. అందుకే వెడల్పు మూతి గిన్నెకు అంచు చుట్టూ మిగతా గోడ కంటే కొంచెం మందం ఉంచాలి. షెల్ఫ్ సమంగా ఉండాలి. పాదాలు షెల్ఫ్‌కి అతుక్కుని చిన్న పెచ్చులు ఊడితే, షెల్ఫ్‌కి అల్యూమినా హైడ్రేట్, కెయోలిన్ (తెల్ల చైనా మట్టి) సగం సగం కలిపిన పూత వేయండి, పాదం అంచుకు రాసే మైనంలో చిటికెడు అల్యూమినా కలపండి. పెద్ద పాత్రల కింద అదే స్లిప్‌తో పోసిన పలచని బిళ్లను పెడితే, పాత్రా బిళ్లా కలిసి కుదించుకుంటాయి, అడుగు ఈడ్చుకుపోదు. మూతలున్న పాత్రల్ని మూతతోనే కాల్చండి, ఆనే చోట గ్లేజు తుడిచి అల్యూమినా మైనం రాసి.

కుదింపు లెక్క కూడా ముందే వేసుకోవాలి. పోర్సిలిన్ మొత్తం 12 నుంచి 15 శాతం కుదించుకుంటుంది. మీ పట్టీలో 10 సెంటీమీటర్ల గీత 8.7 అయితే కుదింపు 13 శాతం. కాలాక 10 సెంటీమీటర్ల గిన్నె కావాలంటే అచ్చు 11.3 కాదు, 10ని 0.87తో భాగించి 11.5 ఉండాలి.

పగులు ఎప్పుడు వచ్చిందో దాని అంచే చెబుతుంది. పగులు పెదవుల మీద గ్లేజు గుండ్రంగా తిరిగి ఉంటే అది గ్లేజు కరగకముందే ఉన్న పగులు, అంటే అచ్చులోనో, ఎండేటప్పుడో, బిస్క్‌లోనో పుట్టింది. అంచు కత్తిలా పదునుగా, గ్లేజు తెగినట్టు ఉంటే చల్లారేటప్పుడు వచ్చింది, కిల్న్‌ని తొందరగా తెరిచి ఉంటారు. గ్లేజులో మాత్రం సాలెగూడు లాంటి సన్న గీతలుంటే మట్టి కంటే గ్లేజు ఎక్కువ కుదించుకుంటోంది. అది కాల్చడంలో లోపం కాదు, ఆ మట్టికి ఆ గ్లేజు సరిపోలేదు.

రెండు జాగ్రత్తలు క్లుప్తంగా. ఎండిన స్లిప్ ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు శాశ్వత హాని. పొడి కలిపేటప్పుడు ఎన్95 లేదా పీ100 మాస్కు, నేల ఊడవకుండా తడిగుడ్డతో తుడవడం. కిల్న్‌ని గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో, ఎక్స్‌టెన్షన్ తీగ లేకుండా సొంత సర్క్యూట్ మీద, గాలి బయటికి పోయే చోట పెట్టండి.

మీది టాల్క్ మట్టి అని తేలితే

అప్పుడు క్రమం తలకిందులు. బిస్క్ ఎక్కువ వేడికి, కోన్ 04కి, గ్లేజు తక్కువకు, కోన్ 06 లేదా 05కి. బిస్క్‌లోనే వాయువులన్నీ బయటికి పోతే గ్లేజులో రంధ్రాలు రావు. ఆ మట్టి ఎప్పటికీ నీరు పీలుస్తూనే ఉంటుంది కాబట్టి గిన్నెకు లోపలా బయటా, పాదంతో సహా గ్లేజు వేసి, స్టిల్టుల మీద (మొనలున్న చిన్న ఆధారాలు) నిలబెట్టి కాల్చాలి. నీళ్లు నిలవుండే పూలకుండీలకు అది నప్పదు. మైక్రోవేవ్‌లో పెట్టకూడదు కూడా, గోడలో చేరిన తడి వేడెక్కి పట్టుకుంటే చేయి కాలుతుంది. అలంకరణ వస్తువులకు, బొమ్మలకు మాత్రం చక్కని మట్టి, వంకరపోదు, రంగులు తేటగా వస్తాయి.

1000 డిగ్రీలకు కాల్చి పక్కన పెట్టిన మీ గిన్నెలు వృథా కాదు. పట్టీ పరీక్షలో మట్టి కోన్ 6దేనని తేలితే, గ్లేజు వేయనివాటికి కోన్ 6 గ్లేజు వేసి 1220కి మళ్లీ కాల్చుకోవచ్చు. తక్కువ వేడి గ్లేజు ఇప్పటికే వేసినవి అయితే పైకి తీసుకెళ్లకండి, ఆ గ్లేజు 1220లో నీరులా కారి షెల్ఫ్ మీదికి దిగుతుంది.